సుడిదోమకు ఆగే వరి విత్తనాలు: ఏ రకం ఎవరికి, ఎన్ని కుదుళ్లకు

సార్వాకు, అంటే వానాకాలపు పంటకు, విత్తనం కొనే రోజుల్లో గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఎక్కువగా వినబడే పేర్లు స్వర్ణ, సాంబమసూరి, ఇంద్ర, అమర, విజేత, కాటన్‌దొర సన్నాలు. వీటిలో చివరి నాలుగూ సుడిదోమను తట్టుకునే రకాలు. దుకాణంలో ఆ మాట చెప్పే అమ్ముతారు, అందులో అబద్ధమేమీ లేదు. అయితే ఆ గుణం మీ పొలంలో ఎంతవరకు అక్కరకొస్తుందో సంచి మీద రాసి ఉండదు. చదరపు మీటరుకు ఎన్ని కుదుళ్లు పెట్టారు, కుదురుకు ఎన్ని మొక్కలు గుచ్చారు, కాలిబాటలు తీశారా లేదా, యూరియా ఎంత చల్లారు అన్నదాని మీద అది ఆధారపడి ఉంటుంది. అందుకే ఇక్కడ విత్తనాన్నీ నాటే లెక్కనూ విడివిడిగా కాకుండా కలిపే చూస్తున్నాం.

సుడిదోమ పైన ఆకుల మీద కనబడదు. కుదురు మొదట్లో, నీటికి కాస్త పైన గుంపుగా కూర్చుని రసం పీలుస్తుంది. ఆకు తొడుగుల్లోపల గుడ్లు పెడుతుంది. వారం, తొమ్మిది రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి, మరో రెండు వారాల్లో అవి పెద్దవవుతాయి. అంటే నెల తిరిగేలోపే ఒక తరం. పొట్టి రెక్కల ఆడదోమలు ఎక్కడికీ ఎగిరిపోవు, ఉన్నచోటే వందల గుడ్లు పెడతాయి. నాట్లు వేసిన కొత్తలో కుదురుకు ఒకటో రెండో ఉన్న దోమ, పైరు ఈనే వేళకి లెక్కకు అందనంత అవుతుంది. అప్పుడు మడి మధ్యలో వలయాలుగా పైరు పసుపు తిరిగి, వారంలో కాలినట్టు ఎండిపోతుంది.

తట్టుకునే రకంలో జరిగేది ఇది. దోమ రసం తక్కువ పీలుస్తుంది, గుడ్లు తక్కువ పెడుతుంది, పిల్లలు పెద్దవడానికి ఎక్కువ రోజులు పడుతుంది. కొన్ని రకాల్లో దోమ బాగానే ఉన్నా మొక్క త్వరగా వాడదు. దీనివల్ల ఒక తరం వెనకబడుతుంది, మొదటి మందు తప్పుతుంది, ఒక్కోసారి అసలు పిచికారీయే అక్కర్లేకుండా పంట చేతికొస్తుంది. కానీ ఏ రకంలోనూ దోమ పూర్తిగా లేకుండా పోదు.

ఈ గుణం శాశ్వతం కూడా కాదు. ఫిలిప్పీన్స్‌లో 1973లో వచ్చిన ఐఆర్ 26 దోమ నిరోధక రకంగా పేరు తెచ్చుకుని, రెండు మూడేళ్లలోనే ఆ పేరు పోగొట్టుకుంది. ఒకే జన్యువు మీద నిలబడ్డ నిరోధకతను దోమ తొందరగా దాటేస్తుంది. ఐఆర్ 64 అంతకన్నా ఎక్కువ కాలం నిలిచింది, ఎందుకంటే దానిలో ఆ పెద్ద జన్యువుతోపాటు చిన్నచిన్నవి మరికొన్ని కలిసి పనిచేస్తాయి. మన కాటన్‌దొర సన్నాలకు ఒక తల్లిదండ్రి ఐఆర్ 64, రెండోది మార్టేరు వరి పరిశోధన స్థానంవాళ్ల కృష్ణవేణి. కృష్ణవేణి కూడా దోమకు ఆగే రకమే. ఇలాంటి పుట్టుక ఉన్న విత్తనం దగ్గరుంటే దాన్ని జాగ్రత్తగా వాడుకోవాలి. ఊరంతా ఏటా అదొక్కటే వేసి, దోమ కనిపించిన ప్రతిసారీ మందు కొడుతూ పోతే ఆ గుణం తొందరగా పలచబడుతుంది.

ఇక నాటే లెక్క. రైతులు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి.

సార్వాలో 20 సెంటీమీటర్ల సాలు, సాలులో 15 సెంటీమీటర్ల దూరం పెడితే చదరపు మీటరుకు 33 కుదుళ్లు వస్తాయి. ఎకరానికి సుమారు 1,33,500 కుదుళ్లు. కుదురుకు మూడు మొక్కలు అనుకున్నా మొత్తం నాలుగు లక్షల మొక్కలు చాలు. నారుమడిలో ఐదో వంతు పోతుందనుకుంటే ఐదు లక్షలు మొలవాలి. ఇప్పుడు గింజ బరువు చూడండి. సాంబమసూరి వెయ్యి గింజలు దాదాపు 14.5 గ్రాములు తూగుతాయి, కాటన్‌దొర సన్నాలు 23.5 గ్రాముల దాకా తూగుతాయి. మొలక 80 శాతం అనుకుని లెక్కేస్తే ఐదు లక్షల మొక్కలకు సాంబమసూరి తొమ్మిది పది కిలోలు సరిపోతుంది, కాటన్‌దొర సన్నాలైతే పదిహేను కిలోలు కావాలి. ఎకరానికి 20 నుంచి 25 కిలోలన్న సిఫార్సు నారుమడి నష్టాలకూ చీడపీడలకూ వెసులుబాటు ఇచ్చి చెప్పినది. సన్నగింజ రకానికీ అదే తూకం పోస్తే నారుమడిలో పదకొండు లక్షల మొక్కలు లేస్తాయి. కావలసినదానికి రెండింతలు దాటుతుంది.

ఆ మిగులు నారు గట్టు మీద పడి ఉండదు. ఇరుకులో పెరిగి సన్నగా, పొడుగ్గా సాగిన నారు పీకి తెస్తారు, నాటేవాళ్ల చేతికి అందినంత గుచ్చేస్తారు. కుదురుకు మూడు ఉండాల్సిన చోట ఆరూ ఏడూ పడతాయి. ఆ కుదురు లోపల గాలి ఆడదు, మొదట్లో తేమ ఆరదు, కొట్టిన మందు అక్కడికి దిగదు. దోమకు కావలసిన చోటు సరిగ్గా అదే. చిత్రమేమిటంటే అదే మడిలో కుదుళ్ల సంఖ్య మాత్రం తక్కువే ఉంటుంది. ఎకరాకింత అని గుత్తకు మాట్లాడుకున్న ముఠా తొందరలో దూరదూరంగా గుచ్చుకుంటూ పోతే చదరపు మీటరుకు 20, 25 కుదుళ్లే పడతాయి. పైరు చూడ్డానికి ఒత్తుగా ఉంటుంది, కంకులు మాత్రం లెక్కకు రావు. అందుకని విత్తనం తగ్గించమంటే కుదుళ్లు తగ్గించమని అర్థం చేసుకోవద్దు. తగ్గించాల్సింది కుదురులో మొక్కల్ని.

నాట్ల రోజున చేయాల్సిన పని నాలుగు వెదురు బద్దలతో మొదలవుతుంది. మీటరు పొడవు, మీటరు వెడల్పు చట్రం కట్టి, ముఠా నాటుతుండగానే నాలుగైదు చోట్ల వేసి కుదుళ్లు లెక్కపెట్టాలి. 28 కన్నా తక్కువొస్తే అక్కడికక్కడే మేస్త్రితో చెప్పాలి. సాయంత్రం చెబితే ఆ మడి మళ్లీ నాటేవాళ్లుండరు.

కాలిబాటలు ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్లు, తూర్పు పడమరలుగా. దీన్ని ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ, కారణం భూమి పోతుందన్న బాధ. లెక్కకు తొమ్మిది శాతం చోటు పోతుంది, నిజమే. కానీ బాటకు రెండువైపులా ఉన్న సాళ్లకు వెలుతురు, గాలి బాగా అంది ఎక్కువ పిలకలు కట్టి, పెద్ద కంకులు వేస్తాయి. పోయిన దిగుబడిలో చాలావరకు అక్కడే తిరిగొస్తుంది. అంతకన్నా ముఖ్యం, సెప్టెంబరు, అక్టోబరుల్లో దోమ లేచినప్పుడు మడిలోపలికి నడిచి, మందు కుదురు మొదటికి తగిలేలా కొట్టే వీలు ఈ బాట ఉంటేనే. గట్టు మీద నిలబడి పైపైన కొట్టిన మందు దోమను తాకదు. నాటేముందే తాళ్లు కట్టి ఇస్తే ముఠా గొణుక్కుంటూనైనా వదులుతుంది. నాటాక తీయాలంటే బాటలో పడిన మొక్కల్ని పీకి పక్క ఖాళీల్లో గుచ్చాలి. పని ఎక్కువ, కానీ చేయదగ్గదే.

ఇప్పుడు ఒక్కో సంచి సంగతి.

ఇంద్ర, అంటే ఎంటీయూ 1061, అమర, అంటే ఎంటీయూ 1064, రెండూ దాదాపు 150 రోజుల పంటలు. స్వర్ణ వేసే పల్లపు భూముల్లో దానికి బదులుగా వేయదగ్గవి. దోమను తట్టుకుంటాయి, ముంపును కొంతవరకు ఓర్చుకుంటాయి. దోమ ఏటా వచ్చే ఊళ్లలో సార్వాకు మా మొదటి ఓటు వీటికే. లోటు ఒకటుంది. ధర విషయంలో సాంబమసూరి సరసన నిలవవు. ఇంటి తిండికి సన్నబియ్యమే కావాలనుకునేవాళ్లు ఒక మడి వేరుగా పెట్టుకోవాలి. 33 కుదుళ్లు, కుదురుకు రెండు మూడు మొక్కలు వీటికి సరిగ్గా సరిపోతాయి. ఇంతకన్నా దగ్గరగా నాటితే ఇవి కూడా దోమకు లొంగడం మొదలవుతుంది.

విజేత, ఎంటీయూ 1001, సార్వాలో 130–135 రోజులు. దాళ్వాకూ, అంటే రబీ పంటకూ, పనికొస్తుంది. దోమతోపాటు అగ్గి తెగులును కూడా తట్టుకుంటుంది. కాలువ నీళ్లు ఆలస్యమై ఆగస్టులో నాటాల్సి వస్తే ఇంద్ర కన్నా ఇదే మేలు, ఎందుకంటే పంట కాలం తక్కువ. దోమ ఉధృతంగా లేచే వేళకి పైరు గింజ గట్టిపడే దశకు దగ్గరపడి ఉంటుంది. ఆలస్యపు నాట్లలో పిలకలు పెట్టడానికి గడువు తక్కువ కాబట్టి చదరపు మీటరుకు 44 కుదుళ్లు, అంటే రెండువైపులా 15 సెంటీమీటర్ల దూరం, పెట్టక తప్పదు. అప్పుడు కాలిబాట కచ్చితంగా ఉండాలి.

కాటన్‌దొర సన్నాలు, ఎంటీయూ 1010, 2000లో విడుదలై తెలుగు నేల దాటి మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, బెంగాల్ దాకా పాకిన రకం. 120 రోజులు. దోమను తట్టుకునే తక్కువ కాలపు రకాల్లో ఇంత నమ్మకంగా దిగుబడి ఇచ్చినవి తక్కువ. దీని బలహీనత మరో చోట ఉంది. గింజకు నిద్రావస్థ లేదు. కోతల సమయంలో వాన పడి పైరు ఒరిగితే కంకి మీదే మొలకలొస్తాయి. బాగా పండనిస్తే గింజ రాలుతుంది. ఆ లోటు పూడ్చడానికి మార్టేరు పరిశోధన స్థానం నుంచి వచ్చినవే చంద్ర (ఎంటీయూ 1153), తరంగిణి (ఎంటీయూ 1156). పంట కాలం దాదాపు అంతే, దోమను తట్టుకునే గుణమూ ఉంది, పైగా రెండు వారాల నిద్రావస్థ ఉంది. తుపాను భయం ఉన్న చోట కొత్తగా విత్తనం కొనేవాళ్లు ఎంటీయూ 1010 బదులు ఈ రెండింటిలో ఒకటి తీసుకోవడం తెలివైన పని.

స్వర్ణ, ఎంటీయూ 7029, 1982 నుంచి ఉన్న విత్తనం. తక్కువ నత్రజనితోనే పండుతుంది, చేను నిలబడుతుంది. దోమకు మాత్రం ఆగదు. నలభై ఏళ్లుగా స్వర్ణ పండిస్తున్న మడుల్లో కూడా దోమ తినేసిన చోట చూస్తే, తక్కువతో పండే రకానికి ఎక్కువ యూరియా పోసిన గుర్తులే కనిపిస్తాయి. నత్రజని ఎక్కువైన మొక్క రసంలో అమైనో ఆమ్లాలు పెరుగుతాయి, దోమ ఎక్కువ గుడ్లు పెడుతుంది. స్వర్ణ మానలేనివాళ్లు కనీసం యూరియాను దమ్ములో, పిలకల దశలో, అంకురం దశలో (మొక్క లోపల వెన్ను మొదలయ్యే వేళ) మూడు భాగాలుగా వేసి, ఆ తర్వాత పచ్చదనం కోసం ఒక్క గుప్పెడు కూడా చల్లకూడదు.

సాంబమసూరి, బీపీటీ 5204, 1986లో బాపట్ల ఇచ్చిన రకం. తినడానికి దీన్ని మించింది లేదని ఒప్పుకోవాల్సిందే. చీడపీడల వైపు నుంచి చూస్తే దోమ, అగ్గి తెగులు, ఎండాకు తెగులు, ఉల్లికోడు అన్నీ దీనికి ప్రమాదమే. ఎండాకు తెగులు ఒక్కదానికి మూడు జన్యువులు చేర్చిన మెరుగైన సాంబమసూరి వచ్చింది. దాన్ని దోమకు ఆగే రకమని ఎవరైనా అమ్మితే నమ్మొద్దు. ఎకరానికి తొమ్మిది పది కిలోల విత్తనం, 33 కుదుళ్లు, కాలిబాటలు, వారానికోసారి మడిలో దిగి చూసే ఓపిక. ఈ నాలుగూ ఉన్నవాళ్లే దీన్ని వేయాలి.

తెలంగాణలో లెక్క కొంత మారుతుంది. 2024 వానాకాలం నుంచి సన్నవడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఇవ్వడంతో రైతులు సన్నాల వైపు మళ్లారు. దొడ్డు రకాల్లో ఉన్న దోమ నిరోధకత చాలా సన్నాల్లో లేదు. తెలంగాణ సోనా (ఆర్‌ఎన్‌ఆర్ 15048) 125 రోజుల్లో వస్తుంది, అగ్గి తెగులును తట్టుకుంటుంది, ధర పలుకుతుంది. కానీ దోమ విషయంలో దాని మీద భారం వేయకూడదు. నత్రజని ఎక్కువైతే పడిపోతుంది కూడా. గింజ బాగా చిన్నది కాబట్టి సాంబమసూరికి చెప్పిన విత్తన మోతాదే దీనికీ వర్తిస్తుంది.

వరంగల్, జగిత్యాల వైపు అసలు చూడాల్సింది ఉల్లికోడు. ఆకు బదులు ఉల్లికాడ లాంటి గొట్టం వచ్చిన పిలక ఇక కంకి వేయదు. జగిత్యాల సన్నాలు (జేజీఎల్ 1798) సాంబమసూరికీ కావ్య అనే రకానికీ పుట్టింది, కావ్య నుంచే దానికి ఉల్లికోడును ఆపే గుణం వచ్చింది. సిద్ధి (డబ్ల్యూజీఎల్ 44) మరో మంచి ఎంపిక. ఇక్కడ కుదుళ్ల లెక్క దోమకు ఎదురు దిశలో నడుస్తుంది. ఉల్లికోడు పిలకలు పెట్టే దశలోనే పట్టుకుంటుంది. పోయిన పిలకలకు బదులు పెట్టుకునే గడువు ఆలస్యపు నాట్లలో ఉండదు కాబట్టి 44 కుదుళ్లు పెడితేనే కంకుల లెక్క నిలుస్తుంది. ఒకే మడికి రెండు పురుగుల భయమూ ఉంటే జూలైలోనే నాటేసి 33 దగ్గర ఆగడం మంచిది. నారు పీకే వారం ముందు సెంటు నారుమడికి 160 గ్రాముల కార్బోఫ్యురాన్ 3సీజీ గుళికలు వేస్తే తొలి వారాల్లో ఉల్లికోడు నుంచి కాపు ఉంటుంది.

పక్క జిల్లాలో ఆగిన రకం మన దగ్గరా ఆగుతుందన్న ధీమా ఉల్లికోడు విషయంలో పనికిరాదు. ఫల్గుణ రకం ఉల్లికోడుకు పెట్టని కోటగా పేరుపడ్డాక, 1986లో ఉత్తరాంధ్రలో అదే రకం ఘోరంగా దెబ్బతింది. అక్కడి పురుగు వేరే జీవరూపమని తర్వాత తేలింది. జగిత్యాల, వరంగల్, శ్రీకాకుళం ప్రాంతాల ఉల్లికోడు ఒక్కటి కాదు. అందుకే మీకు దగ్గరి పరిశోధన స్థానం పొలాల్లో పరీక్షించిన పేరునే అడిగి కొనాలి.

వెదజల్లే పద్ధతికి మారినవాళ్లకు ఒక హెచ్చరిక. మొలక విత్తనం ఎకరానికి 10–15 కిలోలు చాలు. 25, 30 కిలోలు చల్లితే సాళ్లూ బాటలూ లేని ఒత్తు చేను తయారవుతుంది, దోమ పట్టిందంటే ఏ రకమూ నిలవదు. చల్లిన రెండు మూడు వారాల్లో ప్రతి రెండు మీటర్లకు ఒక బాట చొప్పున మొక్కలు లాగేయడం వెద పొలంలో నాటు పొలానికన్నా అవసరం. యంత్రంతో నాటితే ఈ బాధ తక్కువ. 30 సెంటీమీటర్ల సాళ్ల మధ్య గాలి దానంతటదే ఆడుతుంది.

విత్తనం ఏదైనా లెక్క చూసే అలవాటు పోకూడదు. మడిలో అక్కడక్కడా ఇరవై కుదుళ్లు వంచి రెండుసార్లు తట్టి, నీళ్ల మీద పడ్డ దోమల్ని లెక్కపెట్టాలి. పిలకల దశలో కుదురుకు 10–15, అంకురం దాటాక 20–25 కనిపిస్తేనే మందు. అంతకు ముందు నీళ్లు తీసి మడి ఆరబెట్టాలి. దోమను తినే పచ్చ మిరిడ్ నల్లులు, సాలీళ్లు దోమతో సమానంగా కనిపిస్తుంటే మరో రెండు మూడు రోజులు ఆగి మళ్లీ లెక్కించాలి. పిల్లదోమలే ఎక్కువుంటే లీటరుకు 1.6 మి.లీ. బుప్రోఫెజిన్, అన్ని దశలూ కలిసి ఉంటే 0.6 గ్రాముల పైమెట్రోజిన్ లేదా 0.4 గ్రాముల డైనోటెఫ్యురాన్, ఎకరానికి 200 లీటర్ల నీటితో. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటివి మాత్రం వరిలో దోమ ఉన్నప్పుడు ముట్టుకోకూడదు. అవి సాలీళ్లనూ మిరిడ్ నల్లులనూ చంపి, రెండు వారాల్లో దోమను మునుపటికన్నా పెంచుతాయి. తట్టుకునే రకం కొని ఈ మందులు కొడితే విత్తనానికి పెట్టిన డబ్బు వృథా.

కొనేటప్పుడు ధ్రువీకరణ విత్తనానికి నీలం ట్యాగు, మూల విత్తనానికి తెల్ల ట్యాగు చూసుకోవాలి. మొలక కనీసం 80 శాతం, స్వచ్ఛత 98 శాతం, తేమ 13 శాతానికి మించకూడదు. ఇంటికొచ్చాక వంద గింజలు తడి గోనెలో చుట్టి వారంలో ఎన్ని మొలిచాయో చూస్తే, పైన చెప్పిన కిలోల లెక్కను మీ సంచికి సరిచేసుకోవచ్చు. తాజా కోడిగుడ్డు తేలేంత ఉప్పు కలిపిన నీటిలో గింజలు పోసి, తేలిన తాలు తీసేసి, మునిగినవాటిని మంచినీటితో రెండుసార్లు కడిగి, మొలకెత్తడానికి మండె కట్టాలి. చంద్ర, తరంగిణి లాంటి నిద్రావస్థ ఉన్న రకాలను కోసిన వెంటనే విత్తుకోవాల్సి వస్తే లీటరు నీటికి 6.3 మి.లీ. గాఢ నత్రికామ్లం కలిపి (ఆమ్లాన్ని నీటిలో పోయాలి, నీటిని ఆమ్లంలో కాదు) 24 గంటలు నానబెట్టి, బాగా కడిగి, ఆపైన మండె వేయాలి. ఇది చేయకుండా విత్తితే సగం మొలిచి, విత్తనం చెడ్డదన్న నింద దుకాణం మీద పడుతుంది.